నాలుగో దిబ్బ ఏదీ?

అత్తగారికి కంట్లో శుక్లం తీయించి, నాలుగు రోజుల సెలవు ముగించుకుని సోమవారం పొద్దున్నే యార్డుకొచ్చిన మట్టక్కకు ముందు తన కళ్లకే ఏదో అయిందేమో అనిపించింది. గేటు దాటగానే ఎడమ పక్కన ఆరు మట్టిదిబ్బలు వరసగా ఉండాలి. ఒకటి, రెండు, మూడు ఉన్నాయి. ఐదు, ఆరు ఉన్నాయి. మధ్యలో పన్ను ఊడిన నోరులా ఖాళీ. నేలమీద పరిచిన నల్లటి పట్టా, దానిమీద లోడరు చక్రాల జాడలు తప్ప ఇంకేమీ లేదు.

"నాలుగో దిబ్బ ఏదీ?" అని కాపలాదారుణ్ణి అడిగింది.

"వెళ్లిపోయిందిగా అక్కా."

"వెళ్లిపోవడమేంటి? దానికేమన్నా కాళ్లున్నాయా?"

"లారీలున్నాయి," అన్నాడతను, నవ్వాలో వద్దో తేలక. "గురు, శుక్ర, శని. మూడు రోజులు ఎత్తారు. పాసైపోయిందని చెప్పారు."

జీతాల రిజిస్టరులో ఆమెకు వేరే పేరుంది గాని, పదకొండేళ్లుగా అందరి నోటా ఆమె మట్టక్కే. మట్టి తవ్వేది కాదు, మోసేది కాదు. మట్టిని పరీక్ష చేసేది. ఆ యార్డు ఒకప్పుడు చమురు డిపో. నలభై ఏళ్లపాటు ట్యాంకుల అడుగుల్లోంచి, పైపుల అతుకుల్లోంచి చుక్కచుక్కగా కారిన డీజిల్‌ను నేల నోరెత్తకుండా తాగుతూ వచ్చింది. డిపో ఎత్తేసి అక్కడ బస్‌స్టేషన్ కట్టాలనుకుని గుంతలు తవ్విస్తే, మనిషి లోతుకు దిగినా మట్టి చేతికి జిడ్డుగా అంటుకుంది. ఆ మట్టిని శుభ్రం చేసే పని ఒక కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీలోనే మట్టక్క ఉద్యోగం.

శుభ్రం చేసే ఆ పద్ధతంటే ఆమెకు ప్రాణం. మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయి. వాటిలో కొన్నింటికి చమురే తిండి. బయటినుంచి మాయమందేదో తెచ్చి చల్లే పని లేదు, ఉన్నవాటికి ఊపిరాడేలా చేస్తే చాలు. అందుకని చమురు మట్టిని తవ్వి తీసి, కిందికి ఇంకకుండా మందపాటి పట్టా పరిచి, దానిమీద పొడవాటి దిబ్బలుగా పోస్తారు. రంపపు పొట్టు, పశువుల ఎరువు, కాస్త యూరియా కలుపుతారు. పిండి ఆరేసిన బట్టలా ఎప్పుడూ చెమ్మగా ఉంచుతారు. గాలి తగలడానికి వారానికోసారి లోడరుతో తిరగేస్తారు. దిబ్బలోకి చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒళ్లులా వెచ్చగా తగులుతుంది. లోపల భోజనాలు జోరుగా సాగుతున్నాయన్నమాట. నెలలు గడిచేకొద్దీ డీజిల్ కంపు పలచబడుతుంది. ఒక రోజు గుప్పెడు తీసి వాసన చూస్తే మట్టి వాసనే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు మట్టక్క చెప్పే మాట ఒకటే: "ఇది ఉతుకుడు కాదు, పెంపకం. తొందరపెడితే జరగదు."

ఒకటో దిబ్బ అలా ఎనిమిది నెలలు పెరిగి రెండు వారాల కిందటే పాసై, లారీల కోసం ఎదురుచూస్తోంది. కిలో మట్టిలో వెయ్యి మిల్లీగ్రాముల కన్నా తక్కువ చమురుంటేనే గేటు దాటనివ్వాలని రూలు. దానికి ఎనిమిది వందల ఇరవై వచ్చింది. నాలుగో దిబ్బ పోసి తొమ్మిది వారాలే అయింది. సెలవుకు ముందు రోజు ఆమె తన చేత్తో పరీక్ష చేసింది. పదకొండు వేల నాలుగు వందలు!

అది నాలుగు రోజుల్లో ఎలా పాసైందో కనుక్కుందామని తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లింది.

మేనేజర్ బల్లమీద గాజుపెట్టెలో కట్టబోయే బస్‌స్టేషన్ నమూనా ఉంది. అగ్గిపెట్టెలంత బస్సులు, గోరంత మనుషులు. ఆయన దాని మీది దుమ్ము తుడుస్తున్నాడు.

"రండి మేడమ్, కూర్చోండి. అత్తగారి కన్ను ఎలా ఉంది?"

"కన్ను బాగానే ఉంది సార్. నాలుగో దిబ్బే కనపడటం లేదు."

"ఓ, అదా. పాసైంది, పంపించేశాం. వచ్చే నెలాఖరుకు స్థలం అప్పగించాలి కదా."

"పాస్ చేసిందెవరు?"

"మీరే," అని ఆయన ఫైలు తీసి ముందుకు జరిపాడు.

కాగితం ఆమెదే. సంతకం ఆమెదే. ఫలితం దగ్గర ఎనిమిది వందల ఇరవై అని ఉంది. దిబ్బ నంబరు దగ్గర మాత్రం ఒకటి అంకె నడుముకు ఎవరో ఏటవాలుగా ఒక గీత, అడ్డంగా ఇంకో గీత తగిలించారు. ఒకటి నాలుగైపోయింది. సిరా రంగు కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు! అదే ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. దొంగతనం చేసేవాడు కనీసం చప్పుడు కాకుండా నడుస్తాడు. వీళ్లకు ఆ మాత్రం భయం కూడా లేదు.

"ఇది ఒకటో దిబ్బ రిపోర్టు."

"నాలుగని రాసుంది కదా."

"రాసి లేదు సార్. రాశారు."

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, మీరే కదా అందరికీ పాఠం చెబుతారు, మట్టిలో పురుగులు చమురు తిని బతుకుతాయని? ఇక్కడ తిన్నవి అక్కడికెళ్తే తినవా? వాటికేమన్నా మన గేటు పాసు కావాలా?" తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

మట్టక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్లు పిల్లల్ని సాకినట్టు సాకిన విద్యను ఎదురుగా కూర్చుని వెక్కిరిస్తున్నాడు.

"ఇక్కడ కింద పట్టా ఉంది. కారిన నీళ్లను పట్టుకునే గొయ్యి ఉంది. తడిపేవాళ్లున్నారు, తిరగేసేవాళ్లున్నారు. అక్కడ ఏముంది? అసలెక్కడ పోశారు?"

"అది రవాణా వాళ్ల విషయం."

"సంతకం నాది. కాబట్టి అది నా విషయం."

"మీరు బాగా అలిసిపోయినట్టున్నారు," అన్నాడాయన మెత్తగా. "ఈ వారం కూడా సెలవు తీసుకోండి. అత్తగారికి చుక్కలమందు వేసేవాళ్లు ఉండాలిగా. తాళాలు కాపలాదారుకిచ్చి వెళ్లండి."

అలా ఆమె ప్రయోగశాల తాళాలు ఆమె చేతిలోంచే తీసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ముందుగదిలో భర్త మిషను మీద ఎవరిదో చొక్కా కుడుతున్నాడు. అత్తగారు ఆకుపచ్చ గుడ్డ కంటికడ్డంగా వేలాడుతుండగా మంచం మీద కూర్చుని, రెండో కంటితో అందరి మీదా నిఘా వేసి ఉంది. మరిది అప్పుడే లారీ వీధి చివర నిలిపి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.

మట్టక్క సంచి కింద పడేసి జరిగిందంతా ఏకబిగిన చెప్పేసింది. చెప్తూ చెప్తూ మరిది మొహం చూసి ఆగిపోయింది. అతని చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి మళ్లీ కంచంలోకి దిగింది.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఆ మట్టి నేనే ఎత్తాను వదినా. నేనూ, ఇంకో రెండు లారీలూ. ముప్ఫై నాలుగు ట్రిప్పులు."

మిషను చప్పుడు ఆగింది.

"నువ్వా! మూడు రోజులు మోసి నాతో ఒక్క ముక్క అనలేదే?"

"అనడానికేముంది? రోజూ చేసే పనేగా. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు." అతని గొంతు పైకి లేచింది. "నేను అడిగాను వదినా. అడగకుండా ఎత్తలేదు. కాస్త కంపు కొడుతోందేంటని అడిగితే, మీ వదిన సంతకం చూసుకో అని కాగితం చూపించారు. నీ సంతకం చూశాకే లారీ తియ్యమన్నాను. ఇంకెవరిదైనా అయితే మళ్లీ అడిగేవాణ్ణి."

ఆ మాటకు మట్టక్క గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. తన మీద నమ్మకాన్నే పారగా చేసుకుని తన ఇంటివాడి చేతే ఎత్తి పోయించారు.

"ఎక్కడ పోశారు?" అని చివరికి అడిగింది.

"కాలవ ఒడ్డున కూరగాయల మళ్లలో. అక్కడ పల్లంగా ఉంటుంది కదా, వానొస్తే నీళ్లు నిలుస్తాయి. మెరక చేసుకోవడానికి మంచి మట్టి ఊరికే ఇస్తున్నామన్నారు. పాపం, వాళ్లు మాకు మంచినీళ్లిచ్చి మరీ పోయించుకున్నారు."

"ఒంటికన్నుతో చూస్తున్న నాకే తెలుస్తోంది ఇది ఎంత అన్యాయమో," అంది అత్తగారు మంచం మీంచి. "రెండు కళ్లున్నవాళ్లు కూర్చుని ఏం చేస్తున్నారు? లేవండి."

మర్నాడు తెల్లవారగానే వదినా మరిదీ ఇద్దరూ మళ్ల దగ్గరికి వెళ్లారు. కాలవ పొడవునా ముప్ఫై చిన్న చిన్న మళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో కుటుంబం. కొత్త మట్టి జానెడు మందాన నల్లగా పరుచుకుని ఉంది. మొదటి మడిలో కొంగు నడుముకు చుట్టుకుని ఒక ముసలావిడ చాళ్లు తీస్తోంది. మళ్లవాళ్లందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. లారీ అతణ్ణి గుర్తుపట్టి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ఇంకా తెచ్చావా నాయనా? అవతలి చివర ఇంకా రెండు లోడ్లు పడుతుంది. ఈ అమ్మాయెవరు?"

"మా వదిన. ఆ యార్డులోనే మట్టి పరీక్ష చేస్తుంది."

"ఓహో, ఆ మట్టి బాగుచేసింది నువ్వేనా అమ్మాయ్! చల్లగా ఉండు. నీ పేరు చెప్పే పోశారు. మేడమ్ గారు పరీక్ష చేసిన మట్టి, కళ్లకద్దుకోవచ్చు అన్నారు."

ఆ దీవెన మట్టక్కకు చెంపదెబ్బలా తగిలింది. వంగి గుప్పెడు మట్టి తీసింది. వాసన చూడాల్సిన పని కూడా లేదు. సంచిలోంచి గాజుసీసా తీసి, మట్టి సగం వేసి, పెద్దమ్మ బిందెలోంచి నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా ఊపింది. సీసాను గట్టు మీద పెట్టింది. మట్టి మెల్లగా అడుక్కి దిగింది. పైన నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో సన్నటి పొర తేలింది.

"ఇదేంటి?" అంది పెద్దమ్మ.

"డీజిల్, పెద్దమ్మా. ఈ మట్టి ఇంకా బాగుపడలేదు. ఏడెనిమిది నెలలు పడుతుంది. నేను పాస్ చెయ్యలేదు. నా సంతకం దొంగతనంగా వాడుకున్నారు."

పెద్దమ్మ సీసావంక చూసింది. మడివంక చూసింది. శుక్రవారం చల్లిన ముల్లంగి గింజల్లో ఒకటి తవ్వి తీసి అరచేతిలో పెట్టుకుంది. ఉబ్బింది గాని మొలక రాలేదు. తర్వాత ఆమె నోరు విప్పింది.

"నువ్వు పాస్ చెయ్యలేదు సరే. నీ పేరు మీద ఇంత జరుగుతుంటే నువ్వెక్కడున్నావు? సంతకమంటే ఏమనుకున్నావు, గోడమీద సున్నమా, ఎవరైనా పూసుకుపోవడానికి? ముప్ఫై ఇళ్లవాళ్లం ఈ మళ్లమీద బతుకుతున్నాం. నా చేతులతో నేనే విషాన్ని సమంగా సర్దుకున్నాను కదే!"

అన్యాయంగా తిడుతోందని మట్టక్కకు ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం అనిపించలేదు. తిట్లన్నీ తలవంచుకుని విని, "ఒక్క గింజ కూడా ఇంకెవర్నీ వెయ్యనివ్వకండి. కాలవ నీళ్లు మళ్లలోకి వదలకండి. సాయంత్రానికల్లా వస్తాను," అంది.

మధ్యాహ్నానికి ఆమె తాను చదివిన కాలేజీకి వెళ్లి, పాత మాస్టారిని బతిమాలి అక్కడి ప్రయోగశాలలో పరీక్ష చేసుకుంది. పది వేల తొమ్మిది వందలు. కాగితం మీద ఈసారి అంకెల్లో కాదు, అక్షరాల్లో రాసింది. అటునుంచి అటే పర్యావరణ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఒక గంట బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక గంట వరండాలో నిలబెట్టాక అధికారి లోపలికి పిలిచాడు. కాగితం చదివి, "సీరియస్ విషయమే," అన్నాడు. "దరఖాస్తు ఇచ్చి వెళ్లండి. నలభై ఐదు రోజుల్లో తనిఖీకి వస్తాం."

"ఈలోగా వాన పడితే సార్? ఆ చమురంతా కాలవలోకి దిగుతుంది. కింద సగం ఊరు ఆ నీళ్లే వాడుతుంది. అదిగో, కిటికీలోంచి చూడండి, ఎంత మబ్బు పట్టిందో."

"వాన మా విభాగం కాదమ్మా," అన్నాడాయన. వెటకారం కూడా కాదు. నిజంగానే అన్నాడు.

ఆ రెండు ఆఫీసుల మధ్య మట్టక్కకు ఒక సంగతి అర్థమైంది. ఒకడు అబద్ధం రాశాడు, ఇంకొకడు నిజాన్ని అందుకుని సొరుగులో పెట్టాడు. మడి దగ్గర నిలబడి చూస్తే ఇద్దరికీ తేడా ఏముంది?

సాయంత్రం మళ్ల గట్టుమీద అందరూ చేరారు. ఒకాయన, ఎరువు ఎక్కువేసి దున్నేస్తే సరిపోతుందేమో అన్నాడు. ఇంకొకావిడ, పెద్దవాళ్లతో మనకెందుకు, పైన ఇంకో పొర మంచి మట్టి వేయించుకుందాం అంది.

"పైన పొర వేస్తే అది మన కింద దాక్కుంటుంది," అంది పెద్దమ్మ. "నా నేల దుప్పటా, వాళ్ల మురికి కప్పుకోవడానికి? ఎవరిది వాళ్లకే ఇచ్చేద్దాం. ఏం నాయనా, మోసుకొచ్చిన లారీలు వెనక్కి మోయలేవా?"

మరిది అప్పటిదాకా దూరంగా టైరు మీద కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చాడు. "మోస్తాయి పెద్దమ్మా. నా లారీ ఉంది. నాతో ఎత్తినవాళ్లిద్దరూ వస్తారు. ఇంకో ముగ్గుర్ని నేను తెస్తాను. ఆ కంపెనీ మళ్లీ నన్ను పిలవదు. పిలవకపోతే పీడా పోయింది."

మర్నాడు పొద్దున మొదలైన పని చూడాలి! కుప్పలుగా ఉన్నచోట మరిది అద్దెకు తెచ్చిన లోడరు ఎత్తింది. పలచగా పరుచుకున్నచోట మనుషులు చెక్కారు. ముసలీ ముతకా అని లేదు, పార పట్టుకోగలిగిన ప్రతివాళ్లూ దిగారు. ముందే నల్లమట్టికీ పాత ఎర్రనేలకీ మధ్య గీత ఎక్కడుందో మట్టక్క ప్రతి మడిలోనూ గుచ్చి చూసి, పుల్లలు పాతి చూపించింది. పెద్దమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు గాని, పుల్ల పాతినచోటల్లా వెనకాలే వచ్చి ఇంకో వేలెడు లోతు చెక్కించింది. పది గంటలకల్లా ఆరు లారీలు నిండాయి. పైన పరదాలు కట్టి, ముందు లారీలో మట్టక్క, వెనక లారీల్లో మళ్లవాళ్లూ ఎక్కి యార్డు గేటుకు చేరారు.

కాపలాదారు గొలుసు పట్టుకుని అటూ ఇటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. ఈలోగా మేనేజర్ పరుగు లాంటి నడకతో వచ్చాడు.

"ఏంటి ఈ గోల? ఏంటివి?"

"మీ మట్టి సార్. తెచ్చాం," అంది మట్టక్క.

"ఏ మట్టి పడితే ఆ మట్టి లోపల పోసుకోవడానికి ఇదేమన్నా చెత్తకుప్పా? బయటి మట్టి లోపలికి రావాలంటే పరీక్ష కాగితం ఉండాలి. ఉందా?"

ఈ మనిషి, ఈ నోటితోనే పరీక్ష కాగితం అడుగుతున్నాడు! మట్టక్క సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన చదివి కళ్లు పెద్దవి చేశాడు.

"పది వేల తొమ్మిది వందలా? ఇంత విషపు మట్టిని రోడ్డు మీద తిప్పుతున్నారా? ఇది నేరమని తెలుసా మీకు? ఒక్క లారీ కూడా లోపలికి రాదు."

అప్పుడు రెండో లారీ మీంచి పెద్దమ్మ గొంతు వినపడింది. "విన్నారా, అందరూ విన్నారా? రోడ్డు మీద తిప్పితే నేరమంట! మా మళ్లలో పోస్తే మాత్రం దానమంట!"

మేనేజర్ మొహంలో రంగు మారింది. మట్టక్క ఒక అడుగు ముందుకేసింది.

"సార్, ఇది మీరు పంపిన నాలుగో దిబ్బ. ఇది శుభ్రమైనదైతే లోపల పోసుకోవడానికి భయమెందుకు? విషపుదైతే నా సంతకం పెట్టి బయటికి ఎలా పంపారు? రెండిట్లో ఏదో ఒకటి మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. మీ సంతకం, నాది కాదు. రాసిస్తే లారీలు తిప్పుకుని వెళ్లిపోతాం."

మేనేజర్ పైవాళ్లతో మాట్లాడాలన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఫోన్ చెవిన పెట్టుకుని అటు తిరిగాడు. ఆ రోడ్డు ఊరిలోకి వెళ్లే పెద్ద రోడ్డు. ఆరు లారీలు అడ్డంగా నిలబడేసరికి వెనక బస్సులు, బస్సుల వెనక కార్లు, హారన్ల మోతతో చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి. బస్సులు దిగి వచ్చినవాళ్లు సంగతేంటని అడిగారు. పెద్దమ్మ లారీ మీంచే సీసా ఎత్తి చూపించి, అడిగిన ప్రతివాళ్లకూ మొదటినుంచి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పొడుగైంది గాని అబద్ధం మాత్రం చేరలేదు. విన్నవాళ్లు వెళ్లిపోలేదు. కాలవ నీళ్లు తమ ఇళ్లకే వస్తాయని గుర్తొచ్చి అక్కడే నిలబడ్డారు.

నలభై ఐదు రోజుల్లో వస్తానన్న అధికారి నలభై నిమిషాల్లో వచ్చాడు. మట్టి కోసం కాదు, ఆగిన బస్సుల కోసం. పైనుంచి ఎవరో గట్టిగానే చెప్పినట్టున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ముందు లారీ ఎక్కి, పరదా ఎత్తి, ముక్కు మూసుకుని దిగాడు.

"లోపల పోయించండి," అన్నాడు మేనేజర్‌తో.

"సార్, మా రికార్డుల ప్రకారం..."

"రికార్డులు తర్వాత చూస్తాను. ముందు రోడ్డు ఖాళీ అవ్వాలి. గేటు తెరవండి."

గొలుసు జారిపడింది. కాపలాదారు అంత వేగంగా గేటు తీయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆరు లారీలూ నాలుగో పట్టా మీద కుమ్మరించాయి. మిగతా మట్టి మరో మూడు రోజులు తిరిగొస్తూనే ఉంది. ఆఖరి లోడు లోపలికొచ్చిన సాయంత్రమే వాన పడింది. మట్టక్క దిబ్బమీద టార్పాలిన్ లాగుతూ తడిసి ముద్దయింది.

ఇంత జరిగాక న్యాయం గెలిచిందని చెబితే బాగానే ఉంటుంది. కానీ గెలిచింది సగమే. మేనేజర్ మీద విచారణ అన్నారు. అది అవుతుండగానే ఆయన్ని ఇంకో ఊరి యార్డుకు పంపేశారు, అదే హోదాలో. అంకె దిద్దింది ఎవరో గుమాస్తా పొరపాటని రాసుకున్నారు. మట్టక్కకు మాత్రం, అనుమతి లేకుండా కంపెనీ సమాచారం బయటపెట్టినందుకు సస్పెన్షన్ కాగితం వచ్చింది. ఆ కాగితం చదివి ఆమె భర్త, జీవితంలో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, కత్తెర బల్లకేసి కొట్టాడు.

అయితే మళ్లవాళ్లు ఊరుకోలేదు. ముప్ఫై ఇళ్లవాళ్లూ వెళ్లి అధికారి వరండాలో కూర్చున్నారు. ఎవరి మట్టి వాళ్లకు అప్పగించాం, అది నిజంగా బాగుపడిందో లేదో మేము నమ్మిన మనిషే చూడాలి అన్నారు. మీకు నమ్మకమైన మనిషెవరని ఆయన అడిగితే పెద్దమ్మ మొహం ముడుచుకునే చెప్పింది: "ఆ పిల్లే. దాన్ని నేను తిట్టాల్సినంత తిట్టాను. ఎదురు చెప్పకుండా నిలబడింది. పరీక్ష అదే చెయ్యాలి." మూడు వారాల తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు. ఆమె సంతకంతో పాటు మళ్లవాళ్లలో ఒకరి సంతకం కూడా ఉంటేనే ఏ దిబ్బయినా గేటు దాటాలని ఉత్తర్వులో రాయించారు.

నాలుగో దిబ్బ మళ్లీ మొదటికొచ్చింది. మళ్లలో గడ్డీ రాళ్లూ కలిసిపోయాయి, వాటిని ఏరడానికే పది రోజులు పట్టింది. పొట్టు కలిపారు, ఎరువు కలిపారు, వారం వారం తిరగేశారు. రెండో నెలలో దిబ్బ మళ్లీ వేడెక్కింది. ఎనిమిది వేలు. ఐదు వేల మూడు వందలు. రెండు వేలు. బస్‌స్టేషన్ శంకుస్థాపన రెండుసార్లు వాయిదా పడింది. ఎందుకాలస్యమని పైనుంచి అడిగినవాళ్లకు మట్టక్క చెప్పే జవాబు ఒకటే: "తింటున్నాయి సార్. తిననివ్వండి." ఎనిమిదో నెలలో ఏడు వందల నలభై వచ్చింది. ఆ రోజు సంతకం పెట్టడానికి పెద్దమ్మే వచ్చింది. గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, నలిపి, మళ్లీ వాసన చూసి, సంతకం పెట్టింది.

"నాకు ఒక పంట పోయింది," అంది వెళ్తూ. "ఆ పంట ఎవరిస్తారు?"

మట్టక్క ఆ ప్రశ్నను కూడా సంతకాల కింద రాసిపెట్టింది.

ఆ వారమే ఆమెకు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అవతల సన్నటి ఆడగొంతు. మాట్లాడటానికి భయపడుతోంది.

"మేడమ్, మీరెవరో నాకు తెలీదు. లారీవాళ్లు మీ నంబరిచ్చారు. నేనిక్కడ యార్డులో మట్టి పరీక్ష చేస్తాను. ఆరేడు నెలల కిందట వచ్చిన మా మేనేజర్... మీ యార్డులో పనిచేసిన సారే. ఇవాళ నన్ను వారం రోజులు సెలవు తీసుకోమన్నారు. నేను అడగలేదు మేడమ్. ఆయనే తీసుకోమన్నారు."

మట్టక్కకు కళ్లు ఎర్రబడ్డాయి.

"దిబ్బలెన్ని ఉన్నాయమ్మా?"

"తొమ్మిది."

"సెలవు తీసుకోకు. రేపు పొద్దున్నే వెళ్లి తొమ్మిదింటికీ ఫోటోలు తియ్యి. తాళాలు ఎవరికీ ఇవ్వకు. ఎవరేమన్నా సరే, అక్కణ్ణుంచి కదలకు. నేను వస్తున్నాను."

ఫోన్ పెట్టేసి వీధిలోకి వచ్చింది. మరిది లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు.

"ఏమయ్యా, ఆ ఊరు ఎంత దూరం?"

"ఏ ఊరు వదినా?"

ఆమె చెప్పింది. అతను లారీ కిందినుంచి బయటికొచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఆమె మొహం వంక చూశాడు.

"ఇప్పుడు బయల్దేరితే సాయంత్రానికి ఉంటాం," అని తలుపు తీసి పట్టుకున్నాడు.